మూడేళ్ళ డిగ్రీ, నాలుగేళ్ళ లెక్క

మా చీడికాడ వైపు పెద్దవాళ్ళు ఎవరి చదువు గురించైనా చెప్పేటప్పుడు ఒక మాట వాడతారు. "ఆయన బీయే ప్రైవేటుగా కట్టేడు" అంటారు. చదివేడు అనరు, కట్టేడు అంటారు. కట్టింది పరీక్ష ఫీజు. పగలు బడిలో పాఠాలు చెప్పుకుంటూనో, పంచాయితీ ఆఫీసులో గుమాస్తాగిరీ చేసుకుంటూనో, రాత్రిళ్ళు పుస్తకాలు తిరగేసి, ఏడాదికోసారి పట్నం వెళ్ళి పరీక్ష రాసొచ్చేవాళ్ళు. కాలేజీ గుమ్మం తొక్కకుండా డిగ్రీ తెచ్చుకున్నాడని ఊళ్ళో ఎవరూ చిన్నచూపు చూడలేదు సరికదా, కాస్త ఎక్కువ గౌరవమే ఇచ్చారు.

ఈ మధ్య కొన్ని నెలలుగా అమెరికాలో ఆన్‌లైన్ డిగ్రీలు, అందులో 'క్రెడిట్ ట్రాన్స్‌ఫర్' అనే వ్యవహారం గురించి నేను కొంచెం ఎక్కువే చదవాల్సొచ్చింది. ఎందుకో కింద చెప్తాను. చదువుతున్నకొద్దీ నాకు తోచిందేమిటంటే, ఇదేదో ఇంటర్నెట్ వచ్చాక పుట్టిన కొత్త విద్య కాదు. మా ఊరి 'కట్టడా'నికీ దీనికీ దగ్గర చుట్టరికమే ఉంది. ఒకచోట చదివింది ఇంకోచోట చెల్లుతుందా లేదా అనేది, ఎంత చదివాం అన్నదాని కన్నా, లెక్క రాసే పుస్తకం ఎవరి చేతిలో ఉంది అన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతూ వచ్చింది. కావాలంటే కథ మొదట్నుంచీ చూడండి.

1857లో మద్రాసు, కలకత్తా, బొంబాయి యూనివర్సిటీలు పుట్టాయి. మూడూ లండన్ యూనివర్సిటీ నమూనాలో కట్టినవే. ఆ నమూనాలో యూనివర్సిటీ పాఠం చెప్పదు. పాఠాలు చెప్పేది కాలేజీలు, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చేది యూనివర్సిటీ. 1858లో లండన్ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, ఏ కాలేజీలో చదివావన్న ప్రశ్న కూడా తీసేసి, ఎక్కడివాడైనా ఫీజు కట్టి పరీక్ష రాసుకోవచ్చన్నారు. ప్రపంచంలో దూరవిద్య చరిత్ర రాసేవాళ్ళు చాలామంది అక్కడి నుంచే మొదలెడతారు. మన మద్రాసు యూనివర్సిటీ అంత ధారాళంగా లేదు గానీ, దాని కింద మనవాళ్ళు ఎఫ్.ఏ. ఒక ఊళ్ళో, బి.ఏ. ఇంకో ఊళ్ళో చదవడం మామూలే. చిన్న కాలేజీలో రెండేళ్ళు చదివి, మిగతా రెండేళ్ళకి విజయనగరమో, రాజమండ్రో, మద్రాసో పోయేవారు. దాన్ని ఎవరూ 'ట్రాన్స్‌ఫర్' అనలేదు. పరీక్షలు పెట్టేవాడు ఒక్కడే కాబట్టి ఆ మాట అవసరమే పడలేదు.

అమెరికాలో సంగతి వేరు. అక్కడ ప్రతి కాలేజీ తన పట్టా తానే ఇచ్చుకుంటుంది, తన పరీక్ష తానే పెట్టుకుంటుంది. పైగా 1869లో హార్వర్డ్‌కి ప్రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ ఎలియట్, అందరూ ఒకే పాఠాలు చదవక్కర్లేదు, ఎవరికి కావల్సినవి వాళ్ళు ఎంచుకోవచ్చన్నాడు. ఎవడి పాఠాలు వాడివైతే, ఎవడి చదువు పూర్తయిందో తేల్చేదెలా? గంటలు లెక్కపెట్టడం మొదలయింది. దాన్ని దేశమంతా ఒకే కొలతగా చేసింది మాత్రం చదువు మీద ప్రేమ కాదు, పింఛను! ఆండ్రూ కార్నెగీ 1905లో కాలేజీ ప్రొఫెసర్ల పింఛన్ల కోసం కోటి డాలర్లు ఇచ్చాడు. ఆ డబ్బు చూసుకునే ఫౌండేషన్ (దాని బోర్డుకి పెద్ద కూడా ఆ ఎలియటే), ఏది నిజమైన కాలేజీయో తేల్చుకోడానికి ఒక షరతు పెట్టింది. హైస్కూల్లో ఫలానాన్ని 'యూనిట్లు' చదివినవాణ్ణే చేర్చుకోవాలి, ఒక యూనిట్ అంటే ఏడాదిలో ఒక సబ్జెక్టుకి 120 గంటల క్లాసు. పింఛను కావాల్సిన కాలేజీలన్నీ నోరెత్తకుండా ఒప్పుకున్నాయి. అదే బాటలో కాలేజీ చదువుకి క్రెడిట్ గంటలు వచ్చాయి. అమెరికన్ డిగ్రీ అంటే నాలుగేళ్ళు, సుమారు 120 క్రెడిట్లు అనే లెక్క స్థిరపడింది. ఈరోజు మా ఊరి కుర్రాడొకడు ఆన్‌లైన్లో ఎన్ని క్రెడిట్లు మిగిలాయని తల పట్టుకుంటున్నాడంటే, దాని వెనక వందేళ్ళ కిందటి ముసలి ప్రొఫెసర్ల పింఛను చిట్టా ఉందన్నమాట.

ఇటు మన దేశంలో ఇంటర్మీడియట్ రెండేళ్ళు, బి.ఏ. రెండేళ్ళు అనే పాత పద్ధతి పోయి, పన్నెండేళ్ళ స్కూలు మీద మూడేళ్ళ డిగ్రీ ఉండాలని 1948-49 యూనివర్సిటీ విద్యా కమిషన్ చెప్పింది. అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు, అంతకు ముందు 1931 నుంచి 1936 దాకా మన ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్. తర్వాత కొఠారి కమిషన్ (1964-66) మీదుగా అదే పది ప్లస్ రెండు ప్లస్ మూడు అయింది. మనకది చక్కటి లెక్క. పన్నెండు ప్లస్ మూడు పదిహేను. అమెరికా వాడిది పన్నెండు ప్లస్ నాలుగు, పదహారు. ఆ ఒక్క ఏడాది తేడా ఎంతమంది తెలుగువాళ్ళ జాతకాలు మార్చిందో చెప్పాలంటే 1977కి వెళ్ళాలి.

ఆ ఏడాది అమెరికా ఇమిగ్రేషన్ శాఖలో 'మేటర్ ఆఫ్ షా' అనే కేసులో ఒక నిర్ణయం వచ్చింది. షా అనే భారతీయుడిది మన దేశంలో చేసిన మూడేళ్ళ బీయెస్సీ. అమెరికాలో బ్యాచిలర్స్ అంటే మామూలుగా నాలుగేళ్ళు కాబట్టి ఇది దానికి సమానం కాదన్నారు. అంతే. ఆ మనిషికి కెమిస్ట్రీ ఎంత వచ్చు అన్న చర్చ కాదు అది. ఇది జరిగేనాటికి అమెరికాలో తెలుగువాళ్ళు ఎక్కువగా డాక్టర్లు, ఇంజినీర్లు కాబట్టి ఆ దెబ్బ పెద్దగా తెలీలేదు. 1990ల చివర వైటూకే రోజుల్లో బీయెస్సీ కంప్యూటర్స్ వాళ్ళూ, బీకాం మీద పీజీడీసీఏ వాళ్ళూ, అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకున్నవాళ్ళూ విమానాలెక్కాక తెలిసింది. హెచ్-1బి వరకూ ఫరవాలేదు. మూడేళ్ళ ఉద్యోగ అనుభవాన్ని ఒక ఏడాది కాలేజీ చదువు కింద లెక్కగట్టే వెసులుబాటు ఆ వీసా నిబంధనల్లో ఉంది. గ్రీన్ కార్డు దగ్గరికొచ్చేసరికి ఆ వెసులుబాటు లేదు. ఈబీ-2 అనే వరసకి డిగ్రీ అంటే ఒకే డిగ్రీ కావాలి, మూడేళ్ళ ముక్కకి ఇంకో డిప్లొమా ముక్క అతికిస్తే ఒప్పుకోరు. బీయెస్సీ మీద ఎంసీఏ చేసినవాడు గట్టెక్కాడు. బీయెస్సీ మీద పీజీడీసీఏ చేసినవాడు, పక్క సీట్లో అదే కోడ్ రాస్తూ, వేరే వరసలో నిలబడ్డాడు. నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు సీనియర్లు నలభై దాటాక రాత్రిళ్ళు కూర్చుని అమెరికన్ డిగ్రీ పూర్తి చెయ్యడానికి ఆ ఒక్క ఏడాదే కారణం.

సరే, మన దగ్గర ఈలోగా ఏం జరిగిందో చూద్దాం. ఈ భాగం గురించి తెలుగువాళ్ళం చెప్పుకోవాల్సినంత చెప్పుకోలేదని నా అభిప్రాయం.

ఇంగ్లండులో 1963లో హెరాల్డ్ విల్సన్ 'గాలిలో యూనివర్సిటీ' అని ఒక ప్రసంగం చేశాడు. జెన్నీ లీ అనే మంత్రి పట్టుబట్టి దాన్ని నిజం చేసింది. 1969లో ఓపెన్ యూనివర్సిటీకి చార్టర్ వచ్చింది, 1971 జనవరిలో పాఠాలు మొదలయ్యాయి. దాని డిగ్రీ మొదట్నుంచీ క్రెడిట్ల లెక్కే. ఆరు క్రెడిట్లయితే మామూలు బి.ఏ., ఎనిమిదయితే ఆనర్స్. ముందే టీచరు సర్టిఫికెట్ లాంటిది చదివినవాళ్ళకి కొన్ని క్రెడిట్లు మినహాయించేవారు. అంటే పాత చదువుకి విలువ కట్టడం దాని పునాదిలోనే ఉంది.

భారతదేశంలో అలాంటి మొదటి యూనివర్సిటీ ఢిల్లీలో రాలేదు, బొంబాయిలో రాలేదు, హైదరాబాదులో వచ్చింది. 1982లో. అప్పుడు ముఖ్యమంత్రి భవనం వెంకట్రామ్, ఆ కుర్చీలో ఏడు నెలలైనా లేరు. ఆ ఏడు నెలల్లో మిగిలిన పెద్ద పని ఇదే. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ చాన్సలర్ జి. రామ్‌రెడ్డి గారు, ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం ప్రొఫెసరు, అంతకు ముందు ఉస్మానియాకే వైస్ చాన్సలర్. 1985లో ఢిల్లీలో ఇగ్నో పెట్టినప్పుడు దానికీ మొదటి వైస్ చాన్సలర్ ఆయనే. తర్వాత యూజీసీ చైర్మన్ కూడా అయ్యారు. మనం ఊరూరా విగ్రహాలు పెట్టే జాబితాలో ఆయన లేరు, అది వేరే సంగతి. 1991లో ఆ యూనివర్సిటీకి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

అది చేసిన విప్లవం ఒక్కటే. ఇంటర్ లేకపోయినా, పద్దెనిమిదేళ్ళు నిండి, ఒక అర్హత పరీక్ష పాసయితే డిగ్రీలో చేరొచ్చంది. పాఠాలు తెలుగులో, క్లాసులు సెలవురోజుల్లో దగ్గర్లోని కాలేజీలో. మా మేనమామ ఒకాయన పదో తరగతి తర్వాత చెరుకు తోటలోకి వెళ్ళిపోయి, గోవాడ ఫ్యాక్టరీకి బండ్లు తోలుతూ, ముప్పై దాటాక ఆ దారిలో డిగ్రీ పూర్తిచేసి గుమాస్తా ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఆయన పుస్తకాలు ఆ తర్వాత మా ఇంట్లో పదేళ్ళు తిరిగాయి. గ్రూప్ టూకి చదివేవాళ్ళు ఓపెన్ యూనివర్సిటీ పుస్తకాలు ఎందుకు వెతుక్కుంటారో వాటిని చదివినవాళ్ళకి తెలుస్తుంది, అంత శుభ్రంగా రాశారు.

కానీ ఒక్క గది తలుపు మాత్రం ఆ యూనివర్సిటీ తియ్యలేకపోయింది. ఇంజినీరింగు.

ఇంజినీరింగు డిగ్రీకి పక్కదారులు లేవని కాదు. పాతది ఏఎంఐఈ. 1920లో పుట్టిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ వాళ్ళు పెట్టే పరీక్షలు, సెక్షన్ ఎ, సెక్షన్ బి. క్లాసుల్లేవు, అచ్చంగా మా ఊరి 'ప్రైవేటుగా కట్టడం' లాంటిదే. స్టీల్ ప్లాంటులో, రైల్వేలో, కరెంటాఫీసుల్లో పనిచేసే డిప్లొమా వాళ్ళు ఏళ్ళ తరబడి దానితో కుస్తీ పట్టేవారు. చాలామంది మధ్యలో వదిలేసేవారు, పూర్తిచేసినవాడంటే ఆఫీసులో భయభక్తులు. ప్రభుత్వ ఉద్యోగాలకి అది బీటెక్‌తో సమానం అనే గుర్తింపు 2013 మే 31 లోపు పేరు నమోదు చేసుకున్నవాళ్ళతో ఆగిపోయింది. ఇంకో దారి జేఎన్‌టీయూ కరెస్పాండెన్స్ కమ్ కాంటాక్ట్ అని ఉద్యోగాల్లో ఉన్న డిప్లొమా వాళ్ళకి నడిపిన బీటెక్. మూడోది ఈసెట్, డిప్లొమా చేసినవాడు నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో కూర్చోవడం. ఈ చివరిదే మన దగ్గర అసలు సిసలు క్రెడిట్ ట్రాన్స్‌ఫర్. మూడేళ్ళ డిప్లొమాకి ఒక ఏడాది బీటెక్ అని ప్రభుత్వమే లెక్క కట్టేసింది, ఎవరి సిలబస్ కాగితాలూ ఎవరూ చూడక్కర్లేదు. ఆ పేరు మాత్రం పెట్టలేదు.

పేరు పెట్టుకుని, అడ్వర్టయిజ్‌మెంట్లు ఇచ్చుకుని దూరవిద్యలో బీటెక్ ఇచ్చినవాళ్ళు వేరే రాష్ట్రాల డీమ్డ్ యూనివర్సిటీలు. 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు (జస్టిస్ గోయల్, జస్టిస్ లలిత్) అలాంటి నాలుగు సంస్థల మీద తీర్పిచ్చింది. కేసు మొదలైంది ఒడిశా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్లో, ఆ డిగ్రీతో ప్రమోషన్ ఇవ్వొచ్చా అన్న తగువుతో. 2001 నుంచి 2005 మధ్య చేరినవాళ్ళ డిగ్రీలు సస్పెండ్ చేసి, ఏఐసీటీఈ పెట్టే పరీక్ష పాసయితేనే చెల్లుతాయన్నారు. ఆ తర్వాత చేరినవాళ్ళవి మొత్తానికే రద్దు. పదేళ్ళ కిందట తెచ్చుకున్న పట్టా, దానితో వచ్చిన ప్రమోషన్, ఆ జీతం చూసుకుని కట్టుకున్న ఇల్లు. 2018లో యాభయ్యో పడిలో ఉన్నవాళ్ళు వెళ్ళి మళ్ళీ పరీక్ష రాశారు. ఇంజినీరింగ్ ల్యాబ్ లేకుండా రాదు అన్న కోర్టు మాటతో నాకు పేచీ లేదు. అనుమతి లేకుండా దుకాణం తెరిచినవాడి కన్నా, నమ్మి ఫీజు కట్టినవాడికే దెబ్బ గట్టిగా తగిలిందన్నది నా బాధ.

విచిత్రం ఏమిటంటే, ఆ తీర్పుకి ఆరేడు వారాల ముందు, 2017 సెప్టెంబరులో, అమెరికాలోనూ ఇలాంటి ప్రశ్నే లేచింది. దానికి ముందు అక్కడి కథ కొంచెం చెప్పాలి. 1971 నుంచి 1973 మధ్య న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్ రాష్ట్రాలు ఒక్కోటీ ఒక్కో వింత కాలేజీ పెట్టాయి. ఇప్పుడు వాటి పేర్లు ఎక్సెల్సియర్, థామస్ ఎడిసన్, చార్టర్ ఓక్. ఇవి పాఠాల కన్నా లెక్క చూడ్డానికి పుట్టినవి. నువ్వు ఎక్కడెక్కడో చదివినవి, మిలిటరీలో నేర్చుకున్నవి, పరీక్షలు రాసి గెలుచుకున్నవి పట్టుకొస్తే, కూడి, సరిపోతే డిగ్రీ ఇస్తాం అన్నాయి. అంటే 1857 నాటి మద్రాసు యూనివర్సిటీ ఆలోచన, వందేళ్ళు ఆలస్యంగా, అమెరికాలో తేలింది. తర్వాత 1997లో పందొమ్మిది రాష్ట్రాల గవర్నర్లు కలిసి వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీ పెట్టారు. అది మొదటి నుంచీ ఆన్‌లైన్. అందులో గంటలు లెక్కపెట్టరు. సబ్జెక్టు వచ్చని నిరూపిస్తే అది అయిపోయినట్టే, రెండు వారాలకైనా, ఆరు నెలలకైనా. ఫీజు ఆరు నెలలకింత. ఐటీ డిగ్రీలు వాళ్ళ దగ్గర బాగా నడుస్తాయి, బయటి సర్టిఫికేషన్లకి కూడా లెక్క కడతారు.

2017లో అమెరికా విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆడిట్ చేసి, ఇక్కడ విద్యార్థికీ పంతులుకీ మధ్య తగినంత మాటామంతీ లేదు, కాబట్టి ఇవి కరెస్పాండెన్స్ కోర్సులే, ప్రభుత్వ సాయం కింద తీసుకున్న డెబ్బయి కోట్ల డాలర్ల పైచిలుకు వెనక్కి కట్టాలి అన్నాడు. ప్రశ్న మన కోర్టుదే, పోస్టులో చదివిందీ ఎదురుగా కూర్చుని చదివిందీ ఒకటేనా అని. 2019 జనవరిలో విద్యాశాఖ ఆ సిఫారసు ఒప్పుకోనక్కర్లేదని తేల్చేసింది. మన కేసులో అనుమతులే లేవు, అక్కడ ఉన్నాయి, ఆ తేడా పెద్దదే, కాదనను. కానీ అక్కడ ఏడాదికి పైగా నడిచిన ఆ గొడవంతా విద్యాశాఖకీ యూనివర్సిటీకీ మధ్యే నడిచింది. పట్టా పట్టుకెళ్ళినవాణ్ణి పిలిచి మళ్ళీ పరీక్ష రాయమని ఎవరూ అనలేదు.

ఇప్పుడు ఎందుకు చదవాల్సొచ్చిందో చెప్తాను. మా పెదనాన్నగారి అబ్బాయి, నాకు అన్నయ్య, డిప్లొమా చేసి ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరాడు. మూడో ఏడాది మధ్యలో పెదనాన్నకి పక్షవాతం రావడంతో ఆపేశాడు. తర్వాత టెస్టింగ్ నేర్చుకుని వైజాగులో, బెంగుళూరులో పనిచేశాడు. పెళ్ళయ్యాక వదిన ఉద్యోగం మీద ఇద్దరూ డల్లాస్ వెళ్ళారు. అక్కడ డిగ్రీ లేకుండా రెజ్యూమే మొదటి జల్లెడ కూడా దాటట్లేదు. ఆన్‌లైన్లో ఐటీ బ్యాచిలర్స్ పూర్తిచేద్దాం, పాత చదువు ఎంత కలుస్తుందో చూడరా తమ్ముడూ, అని నాకు పని పెట్టాడు. కంప్యూటర్ చదివాను కాబట్టి కూడికలు వచ్చని వాడి నమ్మకం.

పదో తరగతి తర్వాత నాలుగున్నరేళ్ళు చదివాడు. విదేశీ చదువుల్ని లెక్కగట్టే సంస్థ ఒకదానికి మార్కుల మెమోలు పంపిస్తే వచ్చిన జవాబు ఇదీ. డిప్లొమాలో మొదటి రెండేళ్ళు హైస్కూలు కిందకి పోయాయి (వాళ్ళకి పన్నెండేళ్ళ స్కూలు ఉండాలి, వీడు పదితో ఆగాడు). మూడో ఏడాదికి కొంత, బీటెక్‌కి కొంత, మొత్తం కలిపి అరవై దాటలేదు. "ఏటిరా ఇది, నాలుగేళ్ళు చదివితే సగం కూడా రాలేదేటి" అని ఫోన్లో ఒకటే గొణుగుడు. నేను ఆ కాగితాన్ని మళ్ళీ మళ్ళీ చూశాను, వాళ్ళు అన్యాయం ఏం చెయ్యలేదు. మన ఈసెట్ కూడా మూడేళ్ళ డిప్లొమాకి ఒక ఏడాదే ఇచ్చింది కదా. ఒకే సంఖ్య రెండు ఖండాల్లో రెండు దారుల్లో వచ్చింది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. అరవై క్రెడిట్లు ఒప్పుకోవడం వేరు, ఆ అరవై మనం చదవబోయే డిగ్రీలో ఫలానా గళ్ళలో కూర్చోవడం వేరు. ఇంజినీరింగ్ డ్రాయింగ్, వర్క్‌షాప్ (ఆ కార్పెంటరీ, ఫిట్టింగు) ఐటీ డిగ్రీలో ఏ గడిలోనూ పట్టవు. 'ఫ్రీ ఎలక్టివ్' అనే సంచిలో పడేస్తారు, ఆ సంచి కూడా చిన్నదే. ఎం1, ఎం2 లెక్కలు మాత్రం బాగా పనికొచ్చాయి. ఇంగ్లీషు వ్యాసరచన, చరిత్ర, సాంఘిక శాస్త్రం లాంటివి మన బీటెక్‌లో లేనే లేవు కాబట్టి అవి కొత్తగా చెయ్యాలి. పై స్థాయి కోర్సులు ఇన్ని ఉండాలని, చివరి కొన్ని క్రెడిట్లు, చాలాచోట్ల ముప్పై, తమ దగ్గరే చెయ్యాలని నిబంధనలు. కాబట్టి ముందు ఏ యూనివర్సిటీయో తేల్చుకుని, దాని డిగ్రీ గళ్ళు ముందేసుకుని, అప్పుడు బయట చవకగా దొరికే కోర్సులతో ఖాళీలు నింపుకోవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, చవగ్గా దొరుకుతున్నాయని ముందు క్రెడిట్లు పోగేసి, తర్వాత పట్టే డిగ్రీ కోసం వెతుకుతారు. చెప్పులు కొని కాలు వెతుక్కున్నట్టు.

మన జేఎన్‌టీయూలో చదివినవాళ్ళకి ఈ గళ్ళ బాధ అర్థమవుతుంది. ఒక ఏడాది డిటెయిన్ అయితే ఆర్13 నుంచి ఆర్16లోకి జారిపడి, పాత రెగ్యులేషన్లో పాసయిన పేపరుకి కొత్తదాంట్లో 'సబ్‌స్టిట్యూట్ సబ్జెక్ట్' ఏదో కనుక్కోడానికి పరీక్షల విభాగం చుట్టూ తిరిగిన మిత్రులు నాకున్నారు. యూనివర్సిటీ మారలేదు, కాలేజీ మారలేదు, బెంచీ కూడా మారలేదు.

ఇంకో ప్రశ్న వాణ్ణి మొదటిరోజే అడిగాను. ఈ డిగ్రీ ఎక్కడ చూపిస్తావు? డల్లాస్‌లో ఉద్యోగానికయితే ఇబ్బంది లేదు, అక్రెడిటేషన్ ఉంటే చాలు. రేపు తిరిగొచ్చి ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగానికో, పీజీకో చూపిస్తానంటే మాత్రం ఆగాలి. విదేశాల్లో దూరవిద్యలో తెచ్చుకున్న డిగ్రీలకి మన దగ్గర సమానత్వపు సర్టిఫికెట్ దొరకడం ఎప్పుడూ కష్టమే. 2025 ఏప్రిల్లో యూజీసీ విదేశీ డిగ్రీల సమానత్వానికి కొత్త నిబంధనలు తెచ్చినప్పుడు కూడా నేరుగా క్లాసులో చదివిన చదువునే లెక్కలోకి తీసుకుంది. 2022లో మన కాలేజీలూ విదేశీ కాలేజీలూ కలిసి జంట డిగ్రీలు ఇచ్చుకోవచ్చని అనుమతించినప్పుడూ ఆన్‌లైన్, దూరవిద్యలని పక్కనే పెట్టారు. అదే యూజీసీ 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని పెట్టి, క్రెడిట్లని ఏడేళ్ళ దాకా దాచుకుని ఇంకో కాలేజీలో వాడుకోవచ్చంది. స్వయం పోర్టల్లో ఆన్‌లైన్లో చదివినవి మన డిగ్రీలో నలభై శాతం దాకా కలుపుకోవచ్చని కూడా అంది. మన ఇంట్లో ఆన్‌లైన్ అయితే ముద్దు, పొరుగింట్లో ఆన్‌లైన్ అయితే చేదు. మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీకి నాలుగో ఏడాది ఆనర్స్ కూడా పెట్టారు కాబట్టి, రాబోయే బీయెస్సీ వాళ్ళయినా ఆ 1977 నాటి ఏడాది తేడాని ఇక్కడే పూడ్చుకోవచ్చు.

అన్నయ్య తిరిగి రాడట. వదినా ఆ మాటే అంది. అందుకని లెక్క తేలికయింది. ఒక యూనివర్సిటీ ఎంచుకున్నాం, ఖాళీ గళ్ళన్నీ స్ప్రెడ్‌షీట్లో రాసుకున్నాం, రాత్రి షిఫ్టు చేస్తూ చదివితే ఏడాదిన్నర పడుతుంది. ఇప్పుడు మిగిలింది ట్రాన్‌స్క్రిప్టు. వాడు చదివేనాటికి ఆ కాలేజీ కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉండేది. 2022లో విజయనగరంలో గురజాడ పేరు మీద ఇంకో జేఎన్‌టీయూ వచ్చి మా ఉత్తరాంధ్ర కాలేజీలు దాని కిందకి వెళ్ళాయి. అదే ఏడాది ఏప్రిల్లో మా చీడికాడ విశాఖపట్నం జిల్లాలోంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. డిప్లొమా మెమో మీద ఒక జిల్లా, ఆధార్ మీద ఇంకో జిల్లా. లెక్కగట్టేవాడు రెండు చిరునామాలెందుకని అడిగితే నేనో అర పేజీ ఉత్తరం రాసిచ్చాను, జిల్లాల విభజన గురించి. వచ్చే సోమవారం సెలవు పెట్టుకుని కాకినాడ వెళ్తున్నాను, సీలు వేసిన కవర్లు మూడు తెమ్మన్నాడు. దార్లో మాడుగుల హల్వా ఎవరైనా పట్టుకెళ్ళేవాళ్ళుంటే పంపమన్నాడు గానీ, అది డల్లాస్ చేరే దారి నాకింకా దొరకలేదు.